మార్పిడి కాదు, నాటు

అవయవ మార్పిడికి ఇంగ్లిష్‌లో వాడే ట్రాన్స్‌ప్లాంటేషన్ మొదట ఆసుపత్రి మాట కాదు, పొలం మాట. లాటిన్‌లో 'ట్రాన్స్' అంటే అవతలికి, 'ప్లాంటారే' అంటే నాటడం. 'ప్లాంటా' అంటే మొలక. అరికాలికీ అదే పేరు. మొక్క చుట్టూ మట్టిని అరికాలితో అదమడం నుంచే నాటడమనే అర్థం పుట్టిందని చెబుతారు. 18వ శతాబ్దంలో లండన్ సర్జన్ జాన్ హంటర్ ఈ మాటను పళ్లకు వాడాడు. మనిషి పన్నును కోడిపుంజు జుట్టులో నాటి చూశాడు కూడా.

సంస్కృతంలో 'రోపణం' అంటే నాటడం. ఆయుర్వేదంలో పుండు మానడమూ రోపణమే. నాటడానికీ మానడానికీ ఒకే మాట ఉండటం ఎంత బాగుంది! హిందీ దాన్నే పట్టుకుని 'ప్రత్యారోపణ్' అంది. మనకు మాత్రం 'మార్పిడి' స్థిరపడింది. గుండెకూ కాలేయానికీ అది సరిపోతుంది, పాతది తీసే కొత్తది పెడతారు కాబట్టి. కిడ్నీకి సరిపోదు. పాత కిడ్నీలను సాధారణంగా కదిలించరు. కొత్తదాన్ని పొత్తికడుపులో ఒక పక్కన పెట్టి, కాలికి వెళ్లే పెద్ద రక్తనాళాలకు దాని ధమనినీ సిరనూ కుట్టి, మూత్రనాళాన్ని మూత్రాశయానికి కలుపుతారు. ఇది అచ్చంగా నాటు.

వరినాట్లు చూడండి. 21 నుంచి 25 రోజుల నారును పీకినప్పుడు సన్నని వేళ్లు చాలావరకు తెగిపోతాయి. ఆకుల నుంచి నీరు ఆవిరవుతూనే ఉంటుంది, తాగే వేళ్లు ఉండవు. అందుకే నాటిన కొద్ది రోజులు చేను పసుపుబారి వాలుతుంది. కొత్త వేళ్లు వచ్చి మూన తిరిగాక, అంటే నిలదొక్కుకున్నాక గాని తేరుకోదు. కుదురుకు రెండు మూడు మొక్కలు, 2 నుంచి 3 సెంటీమీటర్ల లోతు చాలు. లోతుగా గుచ్చితే పిలకలు ఆలస్యమవుతాయి, తగ్గుతాయి. నారు ముదిరితే కొసలు తుంచి నాటాలి. కొసల మీది కాండం తొలుచు పురుగు గుడ్లు కూడా వాటితో పోతాయి.

కిడ్నీకీ అదే కష్టం. రక్తం అందక చల్లటి ద్రావణంలో, సుమారు 4 డిగ్రీల దగ్గర, గంటల తరబడి ఉన్నది ఒక్కోసారి వెంటనే మూత్రం తయారు చేయదు. అది తేరుకునేదాకా డయాలసిస్ కొనసాగిస్తారు. కాకపోతే నేల ఏ నారునూ పరాయిదని తోసెయ్యదు, శరీరం తోసేస్తుంది. 1954 డిసెంబరు 23న బోస్టన్‌లో సర్జన్ జోసెఫ్ ముర్రే బృందం నాటిన కిడ్నీ నిలిచిందంటే, ఇచ్చినవారూ పుచ్చుకున్నవారూ ఒకే అండం నుంచి పుట్టిన కవలలు కావడమే కారణం. మిగతావాళ్లు ఆ కిడ్నీ పనిచేసినన్నాళ్లూ రోగనిరోధక శక్తిని అణిచే మందులు వేళకు మింగాల్సిందే.