ఒత్తిడిలో పాత అలవాట్లు తిరగబెట్టడం: అపోహలు - వాస్తవాలు

మద్యం, సిగరెట్టు, పిల్లల మీద చెయ్యి చేసుకోవడం, అర్ధరాత్రి దాకా ఫోను: మానుకోవాలని కౌన్సెలింగుకు వచ్చేవారి అలవాట్లు వేరైనా, కొన్ని నెలల తరువాత వారు చెప్పే మాట దాదాపు ఒకటే. “అంతా బాగానే ఉందండీ, ఆఫీసులో గొడవలు మొదలయ్యాక కథ మళ్లీ మొదటికొచ్చింది.” ఈ మాట వెనుక ఉన్న నమ్మకాలలో కొన్ని అలవాటు కంటే ఎక్కువ హాని చేస్తాయి.

అపోహ: పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు. ఇన్నాళ్ల మార్పు ఉత్త నటన.

వాస్తవం: ఈ సామెతను నేను ఎక్కువగా వినేది కుటుంబ సభ్యుల నోట. కొత్త ప్రవర్తన నేర్చుకున్నంత మాత్రాన మెదడు పాతదానిని చెరిపివేయదు. రెండూ పక్కపక్కనే ఉంటాయి, ఏది ముందుకు రావాలో ఆనాటి పరిస్థితి నిర్ణయిస్తుంది. జర్మనీలోని బోఖుమ్‌లో లార్స్ ష్వాబే, ఆలివర్ వోల్ఫ్ 2009లో ప్రచురించిన ప్రయోగంలో కొందరిచేత, ఎదురుగా ఒకరు గమనిస్తూ ఉండగా, మంచునీటిలో చెయ్యి పెట్టించి ఒత్తిడికి గురిచేశారు. కడుపునిండా తిని ఇక వద్దనుకున్న పదార్థాన్ని తెచ్చిపెట్టే ఎంపికనే వారు అలవాటుగా కొనసాగించారు. ఒత్తిడి లేనివారు మాత్రం ఎంపికను మార్చుకున్నారు. ఆలోచించి నిర్ణయించే వ్యవస్థ వెనక్కి తగ్గినప్పుడు అలవాటు పగ్గాలు అందుకుంటుంది, అంతే తప్ప అంతకు ముందు సాధించిన మార్పు అబద్ధం కాదు. అయితే ఇది మినహాయింపు పత్రమూ కాదు: బిడ్డను కొట్టిన తండ్రి ఆ బిడ్డకు క్షమాపణ చెప్పవలసిందే.

అపోహ: ఒత్తిడి చెడు అలవాట్లనే పైకి తెస్తుంది.

వాస్తవం: డేవిడ్ నీల్, వెండీ వుడ్, ఏమీ డ్రోలే 2013లో ప్రచురించిన పరిశోధనలో, పరీక్షల వారాలలో విద్యార్థుల చెడు అలవాట్లతో పాటు మంచి అలవాట్లు కూడా బలపడ్డాయి. ఉదయం పోషకాహారం తినే అలవాటున్నవారు పరీక్షల సమయంలో దానినే మరింతగా తిన్నారు.

అపోహ: మండలం రోజులు మానగలిగితే జీవితాంతం మానినట్లే.

వాస్తవం: మన ప్రాంతంలో ఇది బాగా పాతుకుపోయిన నమ్మకం. అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టని వ్యక్తి, శబరిమల నుంచి వచ్చి మాల తీసిన కొద్ది రోజులకే పాత మిత్రులతో కూర్చుంటే ఇంట్లో వారికి అది మోసంలా కనిపిస్తుంది. ఆ 41 రోజులు అతని చుట్టూ ఉన్నదేమిటో చూడండి: నల్లబట్టలు, తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, నేల మీద పడక, ‘స్వామీ’ అనే పిలుపు. తాగే మిత్రులు సైతం ఆ రోజుల్లో అతనికి గ్లాసు అందించరు. మాలతో పాటు ఈ కట్టడి అంతా ఒక్కరోజులో తొలగిపోతుంది, శనివారం సాయంత్రాలు మాత్రం ఎప్పటిలాగే వస్తాయి. వియత్నాంలో హెరాయిన్‌కు బానిసలై 1971లో స్వదేశానికి చేరిన అమెరికా సైనికులను లీ రాబిన్స్ పరిశీలించినప్పుడు దీనికి రెండో వైపు కనిపించింది: పరిసరాలు పూర్తిగా మారిపోయిన ఆ మనుషులలో తొలి ఏడాదిలో మళ్లీ బానిసలైనవారు సుమారు 5 శాతమే. దీక్షను నేను తక్కువ చేయడం లేదు, అది అద్భుతమైన ఆరంభం. మాల తీసే రోజుకు ముందే, తరువాతి శనివారం సాయంత్రం ఎక్కడ, ఎవరితో గడపాలో రాసి పెట్టుకోమని మాత్రం చెబుతాను. ఇక రోజుల లెక్కకు వస్తే, లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో చిన్న చిన్న ఆరోగ్యకరమైన అలవాట్లు కుదురుకోవడానికే మనిషిని బట్టి 18 నుంచి 254 రోజులు పట్టవచ్చని తేలింది.

అపోహ: ఒక్కసారి తప్పితే అంతా పోయినట్లే.

వాస్తవం: ఒక్కసారి జారడం వేరు, పూర్తిగా పాత స్థితికి చేరడం వేరు అని సియాటిల్‌లో పనిచేసిన మనస్తత్వవేత్త అలాన్ మార్లట్ దశాబ్దాల క్రితమే వివరించారు. మొదటి గ్లాసు కంటే, ‘ఎలాగూ తప్పాను కదా’ అనే అపరాధ భావనతో ఎత్తే రెండో గ్లాసే మనిషిని ఎక్కువగా కిందికి లాగుతుంది. అందుకని జారిన గంటలో చేయవలసిన పని ముందే తేల్చుకోవాలి: అక్కడి నుంచి లేచి వచ్చేయడం, నమ్మకమైన ఒక్కరికి ఫోను చేయడం. చాలాకాలంగా రోజూ ఎక్కువగా తాగేవారు మాత్రం వైద్యుని పర్యవేక్షణ లేకుండా హఠాత్తుగా మానకూడదు, ఎందుకంటే మూర్ఛలు, మతిభ్రమ వచ్చే ప్రమాదం ఉంది. ఎవరిని అడగాలో తెలియనివారు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

అపోహ: నెలల తరబడి నలిగిన మెదడు ఇక కోలుకోదు.

వాస్తవం: పోర్చుగల్‌లో కఠినమైన ప్రవేశ పరీక్షకు చదివిన వైద్య విద్యార్థులు అలవాటు మీదే ఆధారపడి నిర్ణయాలు తీసుకుంటున్నట్లు మిన్యో విశ్వవిద్యాలయ పరిశోధకులు గమనించారు, పరీక్ష ముగిసిన ఆరు వారాలకు మళ్లీ పరీక్షించగా ఆ ధోరణి తగ్గిపోయింది. అధ్యయనం చిన్నదే అయినా, ప్రాజెక్టు గడువు ముగిసిన వారంలోనే “నేనింతే” అని తీర్పు చెప్పుకోవద్దని, ముందు నిద్ర సరిచేసుకుని నెలన్నర తరువాత మాట్లాడుకుందామని చెప్పడానికి నాకు ఆ ఆధారం సరిపోతుంది.