విదేశీ ఉలి అసలు ఖరీదెంత? అపోహలు - వాస్తవాలు

ఆదివారాలు చెక్క గరిటెలు, గిన్నెలు చెక్కడం నేర్పుతుంటాను. మూడో వారమో నాలుగో వారమో వచ్చేసరికి, టీ తాగేటప్పుడు ఎవరో ఒకరు ఫోన్ నా ముందు పెడతారు. "అన్నా, ఈ ఉలులు చూడు, ఎనిమిది వేలే. ఆర్డర్ పెట్టేయనా?" చూస్తే స్విట్జర్లాండ్ ఉలో, స్వీడన్ కత్తో, జపాన్ రంపమో అయ్యుంటుంది. నేను వద్దనను. నా దగ్గర ఒక పాత బిస్కట్ల డబ్బా ఉంది. పన్నెండేళ్లుగా బయటి దేశాల నుంచి తెప్పించిన ప్రతి పార్సిల్ బిల్లూ అందులోనే పడేస్తూ వచ్చాను. అది తెచ్చి మూత తీస్తాను. ఆ తర్వాత టీ చల్లారిపోతుంది.

అపోహ: సైట్లో ఉన్న ధరకి కాస్త షిప్పింగ్ కలుపుకుంటే సరిపోతుంది

డబ్బాలోంచి 2023 నాటి బిల్లు ఒకటి తీస్తున్నాను. మూడు వంపు ఉలులు, మన రూపాయల్లో 8,000. కొరియర్ ఛార్జీ 3,600. ఇక్కడితో లెక్క అయిపోయిందనుకునే అందరూ ఆర్డర్ పెడతారు. నేనూ అలాగే పెట్టాను.

కస్టమ్స్ వాళ్లు సుంకం వేసేది ఉలి ధర ఒక్కదాని మీద కాదు. దానికి రవాణా, ఇన్సూరెన్స్ కలిపి వచ్చిన విలువ మీద. ఇందులో మనకు పనికొచ్చే నిబంధన ఒకటుంది, చాలామందికి తెలియదు. సరుకు విమానంలో వస్తే, రవాణా కింద మనం ఎంత కట్టినా, సుంకం లెక్కకి సరుకు ధరలో 20 శాతానికి మించి కలపకూడదు. అంటే నేను 3,600 కట్టినా లెక్కలోకి వచ్చింది 1,600. ఇన్సూరెన్స్ విడిగా చూపించకపోతే 1.125 శాతం వేస్తారు, అంటే 90. మొత్తం 9,690. కొరియర్ వాళ్లు పంపే సుంకం కాగితంలో ఈ అంకె సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. నేను మొదటి నాలుగేళ్లు ఆ కాగితం విప్పి చూసిన పాపాన పోలేదు.

వ్యక్తిగత వాడకానికి వచ్చే సరుకు మీద అప్పట్లో సుంకం 35 శాతం, దానిమీద సర్‌చార్జి, ఆ మొత్తం మీద 28 శాతం ఐజీఎస్టీ, అంటే దిగుమతి సరుకు మీద వేసే జీఎస్టీ. అన్నీ కలిపితే 77.28 శాతం. నా 9,690 మీద పడింది 7,488. మన తరఫున సుంకం ముందుగా కట్టినందుకు కొరియర్ వాళ్లు వేసుకునే ఛార్జీ, దాని మీద జీఎస్టీతో 700. క్రెడిట్ కార్డు వాళ్లు విదేశీ కరెన్సీకి వేసే 3.5 శాతం, దానిమీదా జీఎస్టీ, కలిపి 479. మొత్తం 20,267 రూపాయలు. ఎనిమిది వేల ఉలులకి. ఇంట్లో చెప్పింది మాత్రం పన్నెండు వేలు.

అపోహ: సొమ్మంతా కస్టమ్సే మింగేస్తుంది

పైన రాసింది చదివితే అలాగే అనిపిస్తుంది. 2023లో అది నిజం కూడా. కానీ ఆ సంగతి మారింది, మన మాటలే మారలేదు. 35 శాతం సుంకం 2025 బడ్జెట్‌లో 20కి వచ్చింది. అదే సంవత్సరం సెప్టెంబర్ 22 నుంచి ఐజీఎస్టీ 28 నుంచి 18కి తగ్గింది. 2026 బడ్జెట్ ఆ 20ని కూడా 10కి దించింది. ఇప్పుడు అన్నీ కలిపి సుమారు 30 శాతం.

సరే, అవే ఉలుల్ని ఈ లెక్కలో వేద్దాం. సుంకం 7,488 బదులు దాదాపు 2,900. మిగతావి మారవు. మొత్తం 15,700 దగ్గర తేలుతుంది. సుంకం సగానికి పైగా తగ్గినా, ఎనిమిది వేల ఉలులు ఇంకా రెట్టింపు పడుతున్నాయి. ఎందుకు? ఆ 3,600 వల్ల. చిన్న పార్సిల్‌కి అసలు దెబ్బ రవాణాయే. ఒక్క ఉలి తెప్పించినా మూడు తెప్పించినా కొరియర్ ఛార్జీలో పెద్ద తేడా ఉండదు. అందుకే "ముందు ఒక్కటి తెప్పించి చూస్తాను" అనేవాళ్లకి ఆ ఒక్కటే అన్నిటికంటే ఖరీదు పడుతుంది. పోస్టులో తెప్పిస్తే చవక, సుంకం పోస్ట్‌మ్యాన్‌కి ఇచ్చి పార్సిల్ తీసుకోవచ్చు. కానీ ఎప్పుడొస్తుందో అడక్కూడదు. నాకు తొందర లేనివన్నీ పోస్టులోనే.

మరి పదిమందీ కలిసి ఒకేసారి తెప్పిస్తే? రవాణా కలిసొస్తుంది, నిజమే. నేనూ ఒకసారి క్లాసు కోసం ఒకే రకం వంకర కత్తులు ఆరు నా పేరు మీద తెప్పించాను. వ్యక్తిగత వాడకానికి ఆరెందుకు, వ్యాపారమైతే దిగుమతి లైసెన్సు నంబరేది అని అడిగారు. అడిగినవాళ్ల తప్పేమీ లేదు. సొంత వాడకానికి ఆ నంబరు అక్కర్లేదు, అమ్మకానికైతే కావాలి. ఆరు ఒకేరకం కత్తులు చూస్తే ఎవరికైనా దుకాణమే గుర్తొస్తుంది. అప్పటి నుంచి ఇద్దరు ముగ్గురం కలిసి, తలా ఒక రకం చొప్పున మాత్రమే.

అపోహ: గిఫ్ట్ అని రాయిస్తే సుంకం ఉండదు

2019 డిసెంబర్ వరకు 5,000 లోపు గిఫ్టులకి మినహాయింపు ఉండేది. ఆ నెల 12న దాన్ని ఎత్తేశారు. ప్రాణాధార మందులు, రాఖీలు తప్ప ఇంకేదీ గిఫ్టు పేరుతో సుంకం లేకుండా రాదు. రాఖీ పార్సిల్లో ఉలి పెట్టించమని అడిగిన శిష్యుడు నాకు ఒకడున్నాడు, వాడి సంగతి ఇక్కడ వద్దు.

ఇంకొందరు అమ్మేవాళ్లని "విలువ పది డాలర్లని రాయండి" అని అడుగుతారు. కస్టమ్స్ చట్టంలో విలువ తప్పు చూపితే సరుకు జప్తు, దానిమీద జరిమానా. పట్టుబడకపోయినా ఇంకో చిక్కుంది. దారిలో పార్సిల్ పోతే పరిహారం ఆ రాసిన పది డాలర్లకే.

అపోహ: వాళ్ల దేశంలో చెప్పే ధరే మనకూ ధర

ఇది మాత్రం మనకు లాభించే సంగతి. బ్రిటన్ సైట్లో చూపించే ధరలో 20 శాతం వ్యాట్ కలిసి ఉంటుంది. జర్మనీలో 19, జపాన్‌లో వినియోగ పన్ను 10. సరుకు దేశం దాటి పోతుంటే ఆ పన్ను తీసేసి అమ్మవచ్చు. 60 పౌండ్ల రందా (చెక్కని చిత్రిక పట్టే పనిముట్టు) మనకు 50 పౌండ్లే అవ్వాలి. 119 యూరోలది 100. కొన్ని సైట్లు ఇండియా అడ్రస్ పెట్టగానే తగ్గిస్తాయి, కొన్ని తగ్గించవు. తగ్గకపోతే డబ్బు కట్టకముందే మెయిల్ రాసి అడగండి. ఆ తగ్గింపు ఇవ్వని దుకాణంలో నేను రెండోసారి కొనలేదు.

అపోహ: అమెరికాలో బావ ఉన్నాడు, పట్టుకొస్తాడు, ఖర్చే లేదు

తెలుగువాళ్లలో ఈ నమ్మకం ఉన్నంత గట్టిగా ఇంకేదీ లేదు. మా అక్కా బావా డాలస్‌లో ఉంటారు. చాలా ఏళ్లు నా జపాన్ ఉలులు వాళ్లింటికే వెళ్లేవి. అప్పట్లో అమెరికాకి 800 డాలర్లలోపు పార్సిల్ ఏ దేశం నుంచి వచ్చినా సుంకం ఉండేది కాదు. చైనా, హాంకాంగ్ సరుకుకి ఆ వెసులుబాటు 2025 మేలోనే పోయింది, ఆగస్టు 29 నుంచి మిగతా దేశాలన్నిటికీ పోయింది. ఇప్పుడు జపాన్ రంపం డాలస్ మీదుగా వస్తే అమెరికా సుంకం ఒకసారి పడి, ఆపైన మన బ్యాగేజీ లెక్కలోకి వస్తుంది. అమెరికాలోనే తయారైన పనిముట్టు కొన్నా డాలస్‌లో 8.25 శాతం సేల్స్ ట్యాక్స్ పడుతుంది.

మన విమానాశ్రయంలో సుంకం లేని సామాను పరిమితి చాలా ఏళ్లు 50,000 ఉండి, 2026 ఫిబ్రవరిలో 75,000 అయింది. ఒకరి పరిమితి ఇంకొకరికి కలపడం కుదరదు. అక్క పేరున కొంత, బావ పేరున కొంత అని ఒకే వస్తువుని పంచలేరు. అయినా ఆ పరిమితిలో ఐఫోను, పిల్లల బట్టలు, అత్తగారి మల్టీవిటమిన్లు పోగా మన రందాకి మిగిలేదెంత? బరువు సంగతి సరేసరి. ఇనుప రందా ఒకటి రెండు కిలోలు దాటుతుంది. ఆ రెండు కిలోల చోటులో పట్టే బాదం చాక్లెట్ల గురించి మా అక్క ఇప్పటికీ మాట్లాడుతుంది.

పదునైనవి ఏవైనా చెక్-ఇన్ బ్యాగులోనే పెట్టాలి, చేతి బ్యాగులో పెడితే అక్కడే వదిలేసి రావాలి. లిథియం బ్యాటరీలకి ఇది తిరగబడుతుంది. విడి బ్యాటరీ చేతి బ్యాగులోనే ఉండాలి. మామూలుగా డ్రిల్లుతో వచ్చే 18 వోల్టుల, 5 ఆంపియర్ అవర్ బ్యాటరీ 90 వాట్ అవర్లు. వంద దాటితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి.

కరెంటు పనిముట్లయితే అసలు ఖర్చు ఇంటికొచ్చాకే మొదలవుతుంది. అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్, అంటే కరెంటు సెకనుకి అరవై సార్లు అటూ ఇటూ ఊగుతుంది. జపాన్‌లో 100 వోల్టులు. మనకు 230, 50 హెర్ట్జ్. వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ కొంటే సరిపోతుందంటారు. బ్రష్‌లున్న చిన్న మోటారుకి సరిపోతుంది. బ్రష్‌లు లేని ఇండక్షన్ మోటారుతో నడిచే లేత్‌కి (కర్రని తిప్పుతూ చెక్కే యంత్రం) చాలదు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని మారుస్తుంది, హెర్ట్జ్‌ని మార్చదు. 60కి చేసిన మోటారు 50 మీద ఆరింట ఒక వంతు వేగం తగ్గి తిరుగుతుంది, పైగా వేడెక్కుతుంది. నా స్నేహితుడొకరు ముచ్చటపడి తెప్పించుకున్న చిన్న లేత్ మోటారు రెండు నెలల్లో కాలింది. ఇక్కడి మోటారు బిగిద్దామంటే బెల్టు పుల్లీ రంధ్రం అంగుళాల్లో ఉంది. లేత్ మీద కర్రని పట్టి ఉంచే చక్కుల మరలదీ అదే తంతు. అమెరికా చిన్న లేత్‌లకి అంగుళం మర, అంగుళానికి ఎనిమిది చుట్లు. యూరప్ వాటికి 33 మిల్లీమీటర్లది. మీ లేత్‌కి ఏ మర ఉందో కొలవకుండా చక్ కొంటే కాగితాల మీద పెట్టే బరువుగా పనికొస్తుంది.

అపోహ: చైనా సైట్లో కొంటే అంతా చవకే

ఆ పెద్ద సైటు, అలీఎక్స్‌ప్రెస్, 2020 నవంబర్ నుంచి మన దేశంలో నిషేధంలో ఉంది. ఇక్కడి సైట్లలో దొరికే చైనా పనిముట్లు మధ్యవాళ్లు తెచ్చి అమ్ముతున్నవి. వాటి ధరలో సుంకం, లాభం రెండూ కలిసే ఉంటాయి, కాబట్టి విదేశీ ధరతో పోల్చి "మోసం" అనకండి.

అపోహ: బయట కొన్నామంటే బయట తయారైందే

పంజాబ్‌లోని జలంధర్, రాజస్థాన్‌లోని నాగౌర్ నుంచి చేతి పనిముట్లు ప్రపంచమంతా వెళ్తాయి. రెంచీలు, క్లాంపులు, రందాలు. అక్కడి దుకాణం తన పేరు ముద్ర వేసి అమ్ముతుంది. ఒక శిష్యుడు బ్రిటన్ నుంచి రందా తెప్పించాడు. డబ్బా విప్పితే అడుగున చిన్న అక్షరాల్లో మేడ్ ఇన్ ఇండియా. పంజాబ్ నుంచి ఇంగ్లండ్ వెళ్లి, రెండుసార్లు సముద్రం దాటి, సుంకం కట్టి ఘట్‌కేసర్ చేరింది. కొనేముందు ఎక్కడ తయారైందో అడగండి, చెప్పనివాళ్ల దగ్గర కొనకండి.

అపోహ: ఒకసారి కొంటే జీవితాంతం

జపాన్ రంపం కోత గురించి నాకు రెండో మాట లేదు. లాగితే కోస్తుంది, గీత సన్నం, చేతికి శ్రమ లేదు. కానీ మనం కొనేవాటిలో ఎక్కువ మార్చుకునే బ్లేడువి. వాటి పళ్ల చివర్లు గట్టిపరిచి ఉంటాయి, ఆకురాయి ఆనదు. మొద్దుబారితే కొత్త బ్లేడే, అదీ మళ్లీ జపాన్ నుంచే. మా మేస్త్రీ రంపానికి మూడంచుల ఆకురాయి ఒకటి చాలు. ఉలుల విషయంలోనూ అంతే. మంచి ఉక్కు ఉలి వచ్చిందంటే వెనకాలే సాన రాళ్లు కావాలి. ఆ రాళ్ల బరువుకి కొరియర్ ఛార్జీ ఎంతో లెక్క వేశాక నేను రాళ్లు మాత్రం ఇక్కడే కొనుక్కున్నాను.

అపోహ: ఇక్కడ అలాంటివి దొరకవు

సగం నిజం. ఏటికొప్పాకలో అంకుడు కర్ర మీద లక్క బొమ్మలు చేసేవాళ్ల ఉలులు ఏ సైట్లోనూ ఉండవు, పక్కనున్న కమ్మరి కొలిమిలోంచి వస్తాయి. నేను కూడా విజయవాడ ఆటోనగర్‌లో లారీ కమాను కట్ట ముక్క కిలోల లెక్కన కొని, మా ఊరి కమ్మరితో వంకర కత్తి చేయించుకున్నాను. ఉక్కు, కూలీ, మామిడి పిడితో కలిపి 600. స్వీడన్ కత్తి నా ఇంటికి చేరేసరికి అయ్యే ఖర్చుతో ఇలాంటివి నాలుగైదు వస్తాయి. అంచు నిలబడుతుందా అంటే, నిలబడుతుంది. మొదటిదాన్ని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచి పగలగొట్టాం, రెండోదాన్ని నూనెలో ముంచాం.

అయితే లోతైన సన్నటి వంపు ఉలులు, ఒక్కో నంబరుకి ఒకే కొలత వంపు ఉండాల్సినవి, ఆ కమ్మరికి కుదరలేదు. వంపు ఒక్కోచోట ఒక్కోలా వచ్చింది, లోపలి వైపు నునుపు చేసే ఓపిక ఇద్దరికీ లేకపోయింది. నేను ఇప్పటికీ బయటి నుంచి తెప్పించేది ఆ ఉలులు, జపాన్ రంపం బ్లేడ్లు, అంతే. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఒక పూట తిరిగితే మిగతావన్నీ చేత్తో పట్టుకు చూసి, బేరమాడి కొనొచ్చు.

అపోహ: బాగోకపోతే వెనక్కి పంపేస్తే సరి

బయటి నుంచి నేను ఆఖరిసారి తెప్పించిన రందా నిరుడు వచ్చింది, దాని అడుగు భాగం మధ్యలో పైకి లేచి ఉంది. స్కేలు పెట్టి చూస్తే కింద నుంచి వెలుతురు కనిపిస్తోంది. అమ్మినాయన మర్యాదస్తుడే, పంపేయండి, డబ్బులిస్తానన్నాడు. పంపడానికి కొరియర్ 4,000 అడిగారు. కట్టిన సుంకం తిరిగి రాబట్టుకోవడానికి కస్టమ్స్ చట్టంలో 26ఏ సెక్షన్ ఉంది కానీ, ఒక్క రందా కోసం ఆ కాగితాల వెంట తిరిగే ఓపిక నాకు లేదు. ఆయనకి ఫోటోలు పంపి, ధరలో మూడో వంతు వెనక్కి తీసుకుని, రందా ఉంచేసుకున్నాను. టీపాయ్ మీద అద్దం పలక పరిచి, 80 నంబరు గరుకు కాగితం అంటించి, మూడు సాయంత్రాలు రుద్దాను. నాలుగో రోజు వేప పలక మీద పెడితే చిత్రిక ఉల్లిపొరలా లేచింది. ఆ అద్దం మీద గీతలకి మాత్రం ఇంట్లో ఇంకా సమాధానం చెబుతున్నాను.