డ్రై సూప్ మిక్స్: సీసా మూత గురించిన అపోహలు, సీసా లోపలి తేమ గురించిన వాస్తవాలు

జూలై నుంచి సెప్టెంబర్ దాకా నాకు వచ్చే ఫోన్లలో సగం ఒకటే మాట. "మూత గట్టిగానే పెట్టానండీ, అయినా లోపల గడ్డకట్టింది, ఏదో ముక్క వాసన వస్తోంది." తొమ్మిదేళ్ళుగా మల్కాజిగిరిలో మా ఇంట్లోనే పప్పులు, ఒరుగులు (ఎండబెట్టిన కూరగాయ ముక్కలు), పొడులు కలిపి సూప్ మిక్స్‌లు చేస్తున్నాను. కాలనీలో వాళ్ళకి, హాస్టళ్ళలో ఉండే పిల్లలకి ఇస్తాను, నెలకోసారి నలుగురైదుగురిని కూర్చోబెట్టి నేర్పిస్తాను. ఈ తొమ్మిదేళ్ళలో రుచి బాగాలేదని వచ్చిన ఫిర్యాదులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వచ్చినవన్నీ తేమ, పురుగు, ఉడక్కపోవడం, ఈ మూడే. ఈ మూడింటి వెనకా మంచి మనసుతో చెప్పిన తప్పు సలహాలు ఉంటాయి కాబట్టి, నేను తరచుగా వినేవన్నీ ఇక్కడ రాసేస్తున్నాను.

అపోహ: సీసా మూత బిగుతుగా ఉంటే ఏదీ పాడవదు

సీసా చేసే పని ఒక్కటే, బయటి తేమని లోపలికి రానివ్వకపోవడం. మనం లోపల పెట్టేసిన తేమని కూడా అంతే గట్టిగా పట్టి ఉంచుతుంది, అక్కడే అందరం దెబ్బతింటాం. కిలో టమాటాల్లో దాదాపు 940 గ్రాములు నీళ్ళే, క్యారెట్‌లో కూడా వందకి 88 పాళ్ళు నీరే. అదంతా పోయిందో లేదో కంటికి కనిపించదు.

మొదటి ఏడాది క్యారెట్ ముక్కల్ని త్వరగా కానిచ్చేద్దామని ఓవెన్‌లో 90 డిగ్రీలు పెట్టాను. పైకి పెంకులా గట్టిగా తయారయ్యాయి, భలే వచ్చాయనుకుని పప్పులో కలిపి సీసాలకెత్తాను. నాలుగో రోజుకి గాజు లోపలి వైపు ఊపిరి తగిలినట్టు సన్నటి పొర. పదో రోజుకి ఒక ముక్క అంచున, ఆవగింజంత, తెల్లగా బూజు. రెండు కిలోల పప్పుతో సహా మొత్తం పారబోశాను. బూజు ఒక ముక్క మీదే కనిపించినా అది సీసా అంతటా ఉన్నట్టే లెక్క, పైది తీసేసి మిగతాది వాడుకోకూడదు. జరిగింది ఏమిటంటే, వేడి ఎక్కువైనప్పుడు ముక్క పైపొర ముందే బిగుసుకుపోతుంది, లోపలి నీటికి బయటికి దారి ఉండదు. 55 నుంచి 60 డిగ్రీల దగ్గర, నిదానంగా ఎండాలి. క్యారెట్, బీన్స్, బఠాణీ అయితే ముందు రెండు మూడు నిమిషాలు ఆవిరి పట్టించి ఎండబెడితే రంగు, రుచి నిలుస్తాయి. ఉల్లి, టమాటా, పుట్టగొడుగులకి ఆ అవసరం లేదు.

ఎండిందా లేదా అన్నది ముక్క పూర్తిగా చల్లారాకే చూడాలి. వేడిగా ఉన్నప్పుడు అన్నీ మెత్తగానే అనిపిస్తాయి. ఉల్లి రేకు పుటుక్కున విరగాలి, టమాటా అప్పడంలా పెళపెళలాడాలి, క్యారెట్ ముక్కని స్టీలు గ్లాసులో వేస్తే గులకరాయిలా టంగుమనాలి. ఆ చప్పుడు చెవికి అలవాటైతే ఇక పొరపాటు జరగదు. తర్వాత కూడా వెంటనే పప్పులో కలపను. ఒరుగుల్ని ఒక పెద్ద సీసాలో మూడింట రెండు వంతులు మాత్రమే నింపి, వారం పది రోజులు రోజూ ఒకసారి కుదుపుతాను. ఏ ముక్కలోనైనా కాస్త తేమ మిగిలి ఉంటే మిగతావాటికి సర్దుకుంటుంది, ఎక్కువే ఉంటే గాజు మీద చెమటలా కనిపిస్తుంది. కనిపించిందా, మళ్ళీ పళ్ళెంలోకే.

బూట్ల డబ్బాలో వచ్చిన సిలికా జెల్ సంచి వేయొచ్చా అని అడుగుతుంటారు. వద్దు, అది ఆహారం కోసం తయారైంది కాదు. గాలి లాగేసే మిషన్ ఉంది కదా అంటారు, గాలి పోతుంది గానీ తేమ పోదు. పైగా గాలి లేని, తడి ఉన్న చోటే పెరిగే బొటులినమ్ లాంటి ప్రమాదకరమైన క్రిములు కూడా ఉన్నాయి. అందుకే పచ్చి వెల్లుల్లి, పచ్చి అల్లం తరిగి ఏ మిక్స్‌లోనూ వేయకండి. అల్లం బదులు మనకి శొంఠి ఉండనే ఉంది.

"మన హైదరాబాద్ ఎండకి ఏదైనా ఎండుతుంది"

ఏప్రిల్, మే నెలల్లో అయితే నిజమే. ఎండ తీవ్రత ఒక్కటే కాదు, గాలి కూడా పొడిగా ఉంటుంది, డాబా మీద పల్చటి బట్ట కప్పి పెడితే టమాటా ఒరుగులు రెండు మూడు రోజుల్లో తయారు. మా అత్తయ్యగారు "మృగశిర కార్తె రాకముందే ఒరుగుల పని అయిపోవాలమ్మా" అనేవారు, ఆ లెక్క ఎంత సరైనదో ఈ పనిలోకి దిగాకే తెలిసింది. గాల్లో తేమ 60 శాతం దాటితే ఎండ ఎంత కాసినా ముక్క పగలు కొంత ఎండి రాత్రికి మళ్ళీ పీల్చుకుంటుంది. ఆగస్టులో మధ్యాహ్నం ఎండ చూసి మోసపోవద్దు. వానాకాలంలో డీహైడ్రేటర్ (కూరగాయలు ఎండబెట్టే మిషన్) వాడండి, లేదా వేసవిలోనే ఏడాదికి కాకపోయినా మూడు నెలలకి సరిపడా చేసుకోండి. మునగాకు, పుదీనా, కరివేపాకు మాత్రం ఏ కాలంలోనైనా నీడలోనే ఆరాలి, నేరుగా ఎండలో పెడితే రంగు, వాసనతో పాటు అందులోని కెరోటిన్ కూడా ఎక్కువగా పోతుంది.

వేపాకు, ఎండుమిర్చి వేస్తే పురుగు పట్టదా?

బయటి పురుగుని కొంత దూరంగా ఉంచుతాయేమో గానీ, గింజలో అప్పటికే ఉన్నదాన్ని ఏమీ చేయలేవు. ఒకసారి పెసలు ఒక గుప్పెడు అరచేతిలో పోసుకుని ఫోన్ టార్చ్ వెలుగులో చూడండి. కొన్ని గింజల మీద సూదిమొనంత తెల్లటి చుక్క అంటుకుని ఉంటుంది, గోటితో గీకినా సులువుగా రాదు. అది పుచ్చు పురుగు గుడ్డు. అందులోంచి వచ్చిన పిల్లపురుగు గింజలోకి తొలుచుకుపోయి, లోపలే పెరిగి, గుండ్రటి రంధ్రం చేసుకుని బయటికొస్తుంది. పెసలు, అలసందలు, శనగలు, అన్నింటిలోనూ ఇదే కథ. ఒకసారి ఒక దుకాణంలో తెచ్చిన అలసందలు చూడ్డానికి నిగనిగలాడుతూ ఉన్నాయి, మూడు వారాలకి సీసా అడుగున సన్నటి పిండి, గాజు మీద పాకుతున్న పురుగులు. సీసా మూత వేసింది వేసినట్టే ఉంది, అంటే అవి మా ఇంట్లో పట్టినవి కావు, గింజతో పాటు వచ్చినవి.

దీనికి నాకు తెలిసిన నమ్మకమైన మందు ఫ్రీజర్. మైనస్ 18 డిగ్రీల దగ్గర నాలుగు రోజులు ఉంచితే గుడ్లతో సహా చస్తాయి. ఇళ్ళలో ఫ్రీజర్ మాటిమాటికీ తెరుస్తాం, మధ్యలో కరెంటు పోతుంది కాబట్టి నేను వారం ఉంచుతాను. బయటికి తీశాక ఆత్రంగా కవర్ విప్పొద్దు. చల్లటి పప్పుకి మన గది గాలి తగిలితే గింజ గింజకీ నీటి తడి పడుతుంది. కవర్ కట్టినది కట్టినట్టే ఒక పూట వదిలేసి, మామూలు వేడికి వచ్చాకే సీసాకెత్తండి. వేపాకు వేసుకునే వాళ్ళు వేసుకోండి, కానీ అది కూడా పూర్తిగా ఎండిందే అయి ఉండాలి. పచ్చి ఆకు వేస్తే తేమని చేతులారా పెట్టినట్టే.

ఎన్ని రకాల పప్పులు వేస్తే అంత బలం అనుకోవడం

ఇది రాసేటప్పుడు నాకు నిజంగా కొంచెం బాధగా ఉంటుంది, ఎందుకంటే ఎంతో ఇష్టంగా, పొరలు పొరలుగా, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు పప్పులతో గృహప్రవేశాలకి బహుమతిగా ఇచ్చే సీసాల్లో ఎక్కువ భాగం సరిగ్గా వండడం వీలుకానివే. మసూర్ పప్పు విడి గిన్నెలో పదిహేను ఇరవై నిమిషాల్లో ఉడికిపోతుంది, శనగపప్పుకి ముప్పావుగంటైనా పడుతుంది, రాజ్మా రాత్రంతా నానినా గంట దాకా అడుగుతుంది. మూడూ ఒకే సీసాలో పోస్తే మసూర్ జావ అయిపోయే సమయానికి రాజ్మా ఇంకా పలుకుగా ఉంటుంది, తినేవాళ్ళు మెత్తబడిందని అనుకుని దింపేస్తారు.

రాజ్మా పలుకు రుచి సమస్య మాత్రమే అయితే నేను ఇంత చెప్పను. ఎర్ర రాజ్మాలో లెక్టిన్ అనే పదార్థం ఉంది, సరిగ్గా ఉడక్కపోతే కొద్ది గంటల్లోనే తీవ్రంగా వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో తెర్లేలా కనీసం పది నిమిషాలు మరిగించాలి, అరగంట అయితే ఇంకా మంచిది. ప్రెషర్ కుక్కర్‌లో పూర్తిగా మెత్తబడేదాకా ఉడికిస్తే భయం లేదు. సన్నటి సెగ మీద, స్లో కుక్కర్‌లో గంటల తరబడి పెట్టేవాళ్ళే జాగ్రత్తపడాలి, సగం వేడి తగిలిన రాజ్మా పచ్చి రాజ్మా కంటే ఎక్కువ హాని చేస్తుంది. "నానబెట్టాల్సిన పని లేదు" అని చీటీ రాసి రాజ్మా వేసిన సీసా ఎవరైనా ఇస్తే, గింజలు ఏరి విడిగా వండుకోండి.

బలం సంగతికొస్తే, పప్పుల్లో తక్కువైన అమైనో ఆమ్లం (మాంసకృత్తుల్లోని ఒక భాగం) ధాన్యంలో, ధాన్యంలో తక్కువైనది పప్పుల్లో ఉంటుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు పప్పు, ధాన్యం కలిపి తినమనేది అందుకే. రెండు పప్పులు, పక్కన ఒక జొన్నరొట్టె, అంతకంటే ఏం కావాలి.

మా ఇంట్లో ఎక్కువగా పోయేది ఇది, అరలీటరు సీసాకి: మసూర్ పప్పు ఒక కప్పు, చాయ పెసరపప్పు అర కప్పు, క్యారెట్, బీన్స్ ఒరుగులు కలిపి పావు కప్పు. ఒక చిన్న కవర్‌లో విడిగా మిరియాల పొడి, జీలకర్ర పొడి, శొంఠి, పసుపు, ఎండు మునగాకు. ఇంకో కవర్‌లో ఉప్పు, ఎండిన టమాటా పొడి. వండేటప్పుడు పప్పు కడగాలి కాబట్టి ఒరుగులు పైన పోసి ఉంచుతాను, ముందు వాటిని చెంచాతో తీసుకోవచ్చు. రెండు లీటర్ల నీళ్ళకి సరిపోతుంది, ఆరుగురు తాగొచ్చు. పొడులు పప్పు మీద పోస్తే ఏమవుతుందంటే, రెండు రోజుల్లో గింజల సందుల్లోంచి జారి అడుగు చేరతాయి. సగం సీసా వండుకున్న వాళ్ళకి చప్పగా, మిగతా సగం వండుకున్న వాళ్ళకి గొంతు మండేలా ఉంటుంది.

"ఉప్పు ముందే పడితే పప్పు ఉడకదు"

చాలా ఇళ్ళలో ఇదే మాట. పప్పుని ఉడకనివ్వనిది పులుపు, ఉప్పు కాదు. నిజానికి ఉప్పునీళ్ళలో నానిన గింజ తోలు త్వరగా మెత్తబడుతుంది. చింతపండు, టమాటా, నిమ్మ ఉప్పు ముందే పడితే మాత్రం గింజ బిగుసుకుంటుంది. అందుకే పులుపు విడి కవర్‌లో ఉండాలి, పప్పు మెత్తబడ్డాకే పడాలి. పులుపు వేయకపోయినా ఉడకట్లేదంటే నీళ్ళు చూసుకోండి. మన ఊళ్ళో చాలా అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ, అవి కూడా గింజని గట్టిపరుస్తాయి. అదే పప్పు మంజీరా నీళ్ళలోనో, తాగే నీళ్ళలోనో ఉడికించి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. రెండూ కాదంటే పప్పు పాతబడింది. వేడిలో, తేమలో నెలల తరబడి ఉన్న గింజ ఎంత ఉడికించినా మెత్తబడదు. వంట సోడా చిటికెడు వేస్తే త్వరగా ఉడికే మాట నిజమే, కానీ బి1 విటమిన్ పోతుంది, నేను వేయను.

ఎండబెడితే పోషకాలన్నీ పోతాయన్నది సగమే నిజం. సి విటమిన్ బాగా తగ్గుతుంది, మాంసకృత్తులు, పీచు, ఖనిజాలు ఎక్కడికీ పోవు. దించాక నిమ్మకాయ పిండుకోండి.

ఇంట్లో చేసింది కాబట్టి ఉప్పు తక్కువే అన్నది కూడా అపోహే. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి ఐదు గ్రాములు దాటొద్దంటోంది, అంటే సుమారు ఒక టీ చెంచా, కూర, పచ్చడి అన్నీ కలుపుకుని. కవర్‌లో వేసే ఉప్పు కొలిచే వేయండి. గోధుమ పడని వాళ్ళకి ఇచ్చేటప్పుడు ఇంగువ డబ్బా మీది చీటీ చదవండి, మనం కొనే కూటు ఇంగువలో చాలావాటికి గోధుమపిండి కలుస్తుంది.

"ఎండినవి ఏళ్ళ తరబడి ఉంటాయి, కిటికీ దగ్గర వరసగా పెడితే అందంగా కూడా ఉంటాయి"

అందం మాట నిజం. కానీ పసుపు, కారం, మునగాకు రంగు వెలుతురుకి పాలిపోతుంది, రంగుతో పాటు గుణమూ తగ్గుతుంది. స్టవ్ పైన ఉండే అర అన్నిటికంటే చెడ్డ చోటు, వేడి, ఆవిరి రెండూ అక్కడికే చేరతాయి. 27 డిగ్రీల గదిలో ఎండు పండ్లు ఆరు నెలలు, ఎండు కూరగాయలు అందులో సగం కాలం బాగుంటాయన్నది నేను పాటించే లెక్క. మన ఇళ్ళు వేసవిలో అంతకంటే వేడిగా ఉంటాయి కాబట్టి ఒరుగులు కలిపిన మిక్స్‌కి మూడు నెలలకి మించి తేదీ వేయను. ఎండు కొబ్బరి, సజ్జ పిండి, దంపుడు బియ్యం లాంటి నూనె ఉన్న సరుకు ఇంకా ముందే ముక్కిపోతుంది, వాటిని వండే రోజే కలుపుకోవడం మేలు. సీసా మీద చేసిన తేదీ రాయండి. అడుగున మిగిలిన పాత సరుకు మీద కొత్తది పోయకండి, కడిగిన సీసా ఒక పగలంతా ఎండలో బోర్లించి ఆరాకే నింపండి.

ఇక హాస్టల్ పిల్లల తల్లులు అడిగేది: కెటిల్‌లో నీళ్ళు మరిగించి పోసుకుంటే ఈ మిక్స్ చాలదా? చాలదు. కెటిల్ నీళ్ళు మరగగానే దానంతటదే ఆగిపోతుంది, పచ్చి పప్పు అందులో ఉడికే ప్రశ్నే లేదు, పచ్చి పిండి కూడా వేడినీళ్ళతో తినదగింది అయిపోదు. వాళ్ళకి నేను విడిగా చేసేది ముందే వేడి తగిలిన సరుకుతో: పుట్నాల పొడి రెండు పాళ్ళు, అటుకులు మళ్ళీ వేయించి కొట్టిన పొడి ఒక పాలు, వేయించిన జీలకర్ర, మిరియాలు, ఉప్పు, టమాటా పొడి, ఎండు పుదీనా. గ్లాసులో మూడు చెంచాలు వేసి, ముందు కొంచెం చల్లనీళ్ళతో ఉండలు లేకుండా కలుపుకుని, ఆ తర్వాత మరిగే నీళ్ళు పోసి ఐదు నిమిషాలు మూత పెట్టమని చెప్పండి.