ఎర్రగా కనిపించిన చోటల్లా క్యాన్సర్ ఉన్నట్టు కాదు

పాథాలజిస్టులం, అంటే శరీరం నుంచి తీసిన ముక్కలను మైక్రోస్కోపులో చూసి జబ్బు తేల్చే డాక్టర్లం. బయాప్సీ ముక్కను ఫార్మలిన్‌లో ఉంచి, మైనపు దిమ్మగా చేసి, నాలుగైదు మైక్రాన్ల పొరలుగా కోసి రంగులు వేస్తాం. కేంద్రకాలు నీలంగా, మిగతాది గులాబీగా కనిపిస్తుంది. ఇప్పుడు ఆ స్లైడ్‌ను స్కాన్ చేసి ఏఐకి కూడా చూపిస్తున్నాం. అది క్యాన్సర్ ఉందా లేదా అన్న తన జవాబుతో పాటు ఒక రంగుల పటం ఇస్తుంది. దాన్నే హీట్‌మ్యాప్ అంటాం. అపోహలన్నీ ఆ పటం దగ్గరే మొదలవుతాయి.

అపోహ: ఎర్రగా ఉన్న చోట క్యాన్సర్ ఉన్నట్టే.

వాస్తవం: మోడల్, అంటే ఆ ఏఐ, తన జవాబు కోసం ఎక్కువగా ఆధారపడిన చోటు అది. అక్కడ ఏం చూసిందో మాత్రం ఆ రంగు చెప్పదు. రొమ్ము క్యాన్సర్ ఉన్న ఒకావిడ చంకలోని లింఫ్ గ్రంథి స్లైడ్‌లో ఒక మూల ఎర్రగా మెరిసింది. పెద్దది చేసి చూశాను. వదులుగా పరుచుకున్న పెద్ద కణాలు, లేత కేంద్రకాలు. హిస్టియోసైట్లలా అనిపించాయి. అవి రోగనిరోధక కణాలే. అయినా మనసు ఊరుకోక సైటోకెరాటిన్ పరీక్ష వేయించాను. క్యాన్సర్ కణాలైతే గోధుమ రంగు పట్టాలి. ఒక్కటీ పట్టలేదు. ఆ ఎరుపును నమ్మి సంతకం పెట్టి ఉంటే ఆవిడ స్టేజీ మారిపోయేది, దాంతో పాటు చికిత్స కూడా.

అలాగని హీట్‌మ్యాప్ దండగ అనను. అనుమానం ఉన్న చోట మేం స్లైడ్ మీద పెన్నుతో చుక్క పెడతాం. దాన్ని తుడవకుండా శిక్షణకు వాడితే మోడల్ కణాలను వదిలేసి సిరాను నేర్చుకోవచ్చు. పటంలోని ఎరుపు ఆ సిరా మీద పడితే ఆ తప్పు వెంటనే దొరుకుతుంది. నా దృష్టిలో హీట్‌మ్యాప్ అసలు ఉపయోగం ఇదే.

అపోహ: పటం నమ్మేలా ఉంటే మోడల్ సరిగ్గా నేర్చుకున్నట్టే.

వాస్తవం: 2018లో మామూలు ఫొటోల మీద ఒక ప్రయోగం చేశారు. మోడల్ నేర్చుకున్న అంకెలన్నీ తీసేసి తోచిన అంకెలు నింపారు. అయినా హీట్‌మ్యాప్ గీసే కొన్ని పద్ధతులు దాదాపు పాత పటాలే ఇచ్చాయి. అంటే ఆ పటాలు మోడల్ నేర్చుకున్నదాన్ని చూపడం లేదన్నమాట. గ్రాడ్‌క్యామ్ లాంటి పద్ధతులు మాత్రం ఆ పరీక్షకు నిలబడ్డాయి. అందుకే మా జూనియర్లను ముందు అడిగేది, ఈ పటం ఏ పద్ధతిలో వచ్చిందని.

అపోహ: ఒక ఆసుపత్రిలో పనిచేస్తే అన్నిచోట్లా పనిచేస్తుంది.

వాస్తవం: ప్రతి ల్యాబ్ రంగుకూ దాని ఛాయ దానిదే. అమెరికాలో ఎన్నో సంస్థల నుంచి క్యాన్సర్ నమూనాలు సేకరించిన టీసీజీఏ అనే ప్రాజెక్టు స్లైడ్ల మీద 2021లో వచ్చిన పరిశోధనలో, రంగులు సమం చేశాక కూడా స్లైడ్ ఏ సంస్థదో మోడల్ పసిగట్టింది. మన ల్యాబ్ స్లైడ్ల మీద పరీక్షించకుండా ఏ మోడల్‌నూ వాడకూడదు.

ఇక, ఏఐ ఉంటే డాక్టర్ అక్కర్లేదన్నది కూడా అపోహే. 2021లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించిన, ప్రోస్టేట్ క్యాన్సర్‌ను వెతికే ఏఐ పేజ్ ప్రోస్టేట్ కూడా పాథాలజిస్టుకు తోడుగా వాడేదే. మీ రిపోర్టులో ఏఐ ప్రస్తావన ఉంటే, కణాల ఆకారం, కేంద్రకాల తీరు, గ్రంథుల అమరిక గురించి డాక్టర్ స్వయంగా ఏం రాశారో చూడండి. అవి లేకపోతే నిస్సంకోచంగా అడగండి.