10 కిలోమీటర్ల టైము చూసి మారథాన్ టైము చెప్పొచ్చా?

10 కిలోమీటర్లు 50 నిమిషాల్లో పరిగెత్తేవాళ్లు మారథాన్ (42.195 కిలోమీటర్లు) ఎంతలో పూర్తి చేస్తారు? రన్నర్లు వాడే మామూలు టైము కాలిక్యులేటర్‌లో కొడితే 3 గంటల 50 నిమిషాలు అని టక్కున చెప్పేస్తుంది. దాన్ని నమ్ముకుని మొదటి కిలోమీటరు నుంచే ఆ వేగం పట్టినవాళ్లలో చాలామంది 30 కిలోమీటర్లు దాటాక కాళ్లీడుస్తూ నడుస్తుంటారు. లెక్క చెయ్యడంలో తప్పేమీ జరగలేదు, అందులో వాడిన ఒక అంకె మాత్రం వాళ్లది కాదు.

ఆ లెక్క 1977లో పీటర్ రీగెల్ అనే అమెరికన్ ఇంజనీరు ఇచ్చింది. దూరం ఎన్ని రెట్లు పెరిగిందో చూసి, దానికి 1.06 అనే ఘాతాంకం (పవర్) వేసి, పాత టైముతో గుణించాలి, అంతే. దూరం రెట్టింపైతే టైము 2.085 రెట్లవుతుంది. 1906లోనే ఆర్థర్ కెనెలీ గుర్రాల రికార్డులూ మనుషుల రికార్డులూ కలిపి చూసి ఇలాంటి సూత్రమే కట్టాడు, ఆయన ఘాతాంకం 1.125.

మేటి రన్నర్ల విషయంలో 1.06 ఎంత చక్కగా కుదురుతుందంటే, 2020లో ఉగాండా రన్నర్ జాషువా చెప్తెగెయ్ 10,000 మీటర్లు పరిగెత్తిన 26 నిమిషాల 11 సెకన్లను ఫార్ములాలో వేస్తే మారథాన్‌కి 2:00:27 వస్తుంది, 2023లో షికాగోలో కెన్యా రన్నర్ కెల్విన్ కిప్టమ్ మారథాన్ ప్రపంచ రికార్డు పెట్టింది 2:00:35కి! మనుషులు వేరు, ఒకటి ట్రాక్, ఇంకోటి రోడ్డు, అయినా తేడా 8 సెకన్లే. నాకిది ఎప్పుడు చూసినా అబ్బురంగానే ఉంటుంది.

మరీ చిన్న దూరాలకి మాత్రం పనికిరాదు. 2009లో బెర్లిన్‌లో బోల్ట్ 100 మీటర్లు 9.58లో, 200 మీటర్లు 19.19లో పరిగెత్తాడు. ఫార్ములా ప్రకారం ఆ రెండోది 19.97 కావాలి. నిలబడ్డచోటు నుంచి వేగం అందుకోవడానికి పోయే టైము రెండింట్లోనూ ఒకటే మరి.

మారథాన్‌లో ఇబ్బంది వేరు. పరుగులో కిలో బరువుకి, కిలోమీటరుకి సుమారు ఒక క్యాలరీ ఖర్చవుతుంది, అంటే 70 కిలోల మనిషికి మొత్తం 2,900 పైమాటే. కండరాల్లో, కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వ ఇచ్చేది ఇంచుమించు 2,000. మిగతాది కొవ్వు నుంచి రావాలి, అదేమో నిదానంగా గానీ అందదు. ఏళ్ల తరబడి ఎక్కువ దూరాలు పరిగెత్తినవాళ్ల ఒళ్లు అదే వేగంలో కొవ్వుని ఎక్కువగా వాడుకుంటుంది కాబట్టి వాళ్లకి గ్లైకోజెన్ చివరిదాకా వస్తుంది. వారానికి మూడు చిన్న పరుగులతో సరిపెట్టేవాళ్లకి రాదు. 2016లో రెండువేల పైచిలుకు మామూలు రన్నర్ల టైములు పరిశీలిస్తే, హాఫ్ మారథాన్ (21.1 కిలోమీటర్లు) దాకా రీగెల్ లెక్క బాగానే సరిపోయింది, మారథాన్‌కి వచ్చేసరికి సగం మందికి కనీసం 10 నిమిషాలు తక్కువ చెప్పింది.

అందుకే 1.06ని పక్కనపెట్టి మీ ఘాతాంకం మీరే కనుక్కోండి. 10 కిలోమీటర్లు 50 నిమిషాల్లో, హాఫ్ 1 గంట 55 నిమిషాల్లో పరిగెత్తారనుకుందాం. టైము 2.3 రెట్లు, దూరం 2.11 రెట్లు, మొదటిదాని లాగ్‌ని (లాగరిథమ్, సైంటిఫిక్ కాలిక్యులేటర్‌లో log బటన్) రెండోదాని లాగ్‌తో భాగిస్తే దాదాపు 1.116. దీంతో మారథాన్ 4 గంటల 9 నిమిషాలు, అంటే కిలోమీటరుకి 5 నిమిషాల 54 సెకన్లు. కాలిక్యులేటర్ చెప్పిన 3 గంటల 50 నిమిషాల ప్రకారమైతే 5:27, కిలోమీటరుకి 27 సెకన్లు తేడా! మొదట్లో ఆ తేడా అసలు తెలియదు, అందుకే అంత ప్రమాదం.

ఒకటే షరతు, రెండు పరుగులూ కొద్ది వారాల తేడాలో, ఇంచుమించు ఒకే వాతావరణంలో, పూర్తి శక్తితో పరిగెత్తినవై ఉండాలి. ఎండలో పరిగెత్తిన హాఫ్‌ని చల్లటి పొద్దున పరిగెత్తిన 10 కిలోమీటర్లతో కలిపి లెక్కేస్తే వచ్చే ఘాతాంకంలో మీ ఓపికతోపాటు ఆ ఎండ కూడా కలిసిపోతుంది.