ఆవాల ఘాటు వెనక గంధకపు చక్కెర

హన్మకొండలో మామిడికాయ తొక్కు పెట్టే ఏ ఇంట్లో అడిగినా చెబుతారు: పొడి ఆవపిండికి అంత ఘాటుండదు, తడి తగిలితేనే ముక్కుకెక్కుతుంది. అవే ఆవాలు పోపులో చిటపటలాడితే ఆ ఘాటు రాదు. గింజలో సినిగ్రిన్ అనే పదార్థం ఉంటుంది. అందులో గ్లూకోజ్‌ను మిగతా భాగంతో కలిపేది గంధకం. మైరోసినేజ్ అనే ఎంజైమ్‌ను మొక్క దానికి దూరంగా వేరే చోట దాచుకుంటుంది. గింజ నలిగి తడిస్తే రెండూ కలుస్తాయి, గ్లూకోజ్ ఊడుతుంది, ఘాటు పుడుతుంది. కాగిన నూనెలో ఎంజైమే చెడిపోతుంది. మునగాకులో, చేను గట్ల మీద మొలిచే వామింటలో ఉన్నవీ ఈ జాతి పదార్థాలే. వీటిని గ్లూకోసినోలేట్లు అంటారు.

మైరోసినేజ్ విడగొట్టే ఎంజైమ్. నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది, గ్లూకోజ్‌కూ గంధకానికీ మధ్య ఆ బంధాన్ని కట్టే ఎంజైమ్.

ల్యాబ్‌లో ఈ బంధం కట్టడం చాలా శ్రమ. గ్లూకోజ్‌లో ఐదు హైడ్రాక్సిళ్లు, అంటే ఆక్సిజన్-హైడ్రోజన్ జంటలు, ఉంటాయి. గంధకం మొదటి కార్బన్‌కే, అదీ సరైన దిశలోనే అతకాలి. అందుకని మిగతా నాలుగింటినీ ముందు కప్పి, పని అయ్యాక ఆ కప్పులు తీసేయాలి. ఎన్నో మెట్లు, ఎన్నో సాల్వెంట్లు, పైగా థయాళ్లనే గంధకపు రసాయనాల కంపు.

ఆవ కుటుంబానికే చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలోని యూజీటీ74బీ1 ఎంజైమ్‌కు ఏ కప్పులూ అక్కర్లేదు. యూడీపీ అనే మోసే అణువుకు గ్లూకోజ్ అతికి ఉన్న యూడీపీ-గ్లూకోజ్ నుంచి చక్కెరను తీసుకుని, నీళ్లలోనే, సూటిగా గంధకం మీద పెడుతుంది. దాని జన్యువును ఈ.కోలి బ్యాక్టీరియాలో పెట్టి ఎంజైమ్‌ను కావలసినంత తయారు చేసుకోవచ్చు.

చిక్కల్లా యూడీపీ-గ్లూకోజ్ ఖరీదే. దీనికీ మొక్కల్లోనే దారి దొరికింది. సుక్రోజ్ సింథేజ్ అనే మరో ఎంజైమ్ మామూలు చక్కెరను, యూడీపీని కలిపి యూడీపీ-గ్లూకోజ్ చేస్తుంది, పక్కన ఫ్రక్టోజ్ మిగులుతుంది. కాస్త యూడీపీ ఉంటే చాలు, అదే ట్రాలీ ఆటోలా తిరుగుతూ గ్లూకోజ్‌ను మోస్తుంటుంది. బోధన్ చుట్టూ చెరుకు పండించిన నేల మనది. ఇక్కడ ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి హైదరాబాద్ మందుల కంపెనీలకు వెళ్లే పిల్లలు ఈ పద్ధతిని ల్యాబ్‌లో చేసి చూడాలని నా గట్టి కోరిక.

ఎందుకింత పట్టుదల అంటే, ఆక్సిజన్‌తో అతికిన చక్కెరను సులువుగా తెంపే ఎంజైములు చాలావరకు గంధకం దగ్గర ఆగిపోతాయి. అందుకే ఎంజైముల పనితీరు పట్టుకోవడానికి, ఒంట్లో త్వరగా విరిగిపోని మందులు వెతకడానికి గంధకంతో చక్కెర అతికిన ఈ పదార్థాలు పనికొస్తాయి.

పూర్తి గ్లూకోసినోలేట్ కావాలంటే చివర్లో సల్ఫేట్ కూడా అతకాలి. మొక్కలో ఆ పని సల్ఫోట్రాన్స్‌ఫరేజ్‌ది. సల్ఫేట్‌ను అందించే పీఏపీఎస్ కూడా ఖరీదైనదే, దాన్నీ యూడీపీలాగే తిప్పి తిప్పి వాడుకోవాల్సి ఉంటుంది.