అనుదినాహారం అంటే అన్నమా, వాక్యమా?

యేసు నేర్పిన ప్రార్థనలో ‘మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము’ అని ఒక మాట ఉంది. ‘అనుదినాహారం అంటే మనం తినే తిండి కాదు. గ్రీకులో దాని అసలు అర్థం ఆత్మీయ ఆహారం.’ యూట్యూబ్ ప్రసంగాల పుణ్యమా అని శ్రీకాకుళం, విజయనగరం వైపు బైబిల్ స్టడీల్లోనూ ఈ మాట వినిపిస్తోంది. పొద్దున్నే పనికి పోయేవాళ్లు ‘మరి మేం ఇన్నాళ్లూ అడిగింది ఏంటి?’ అని తికమక పడతారు. ఈ తికమక ఇప్పటిది కాదు. దీని వయసు పద్దెనిమిది వందల ఏళ్లు.

గొడవంతా ‘ఎపియూసియోస్’ అనే ఒక్క మాట దగ్గరే ఉంది. మత్తయి 6:11లోనూ, లూకా 11:3లోనూ ఆహారానికి ముందు వచ్చే విశేషణం ఇది. మూడో శతాబ్దంలో క్రైస్తవ పండితుడు ఒరిజెన్, గ్రీకు తన సొంత భాషే అయినా, ఈ మాట పండితుల రాతల్లోనూ లేదు, జనం నోటా లేదు, సువార్తికులే పుట్టించినట్టుందని రాశాడు. దాన్ని ‘ఊసియా’ అంటే సారం, ఉనికి అన్న మాటతో ముడిపెట్టి, ఆత్మను పోషించే ఆహారమని తేల్చాడు. ఇప్పుడు మనం వింటున్న వాదానికి మూలం అదే.

మరో దారి కూడా ఉంది. ‘ఎపియూసా’ అంటే రాబోయే రోజు. అపొస్తలుల కార్యములు 16:11లో ‘మరునాడు’ అని ఉన్నది ఆ మాటే. ఆ లెక్కన అడుగుతున్నది రేపటి తిండి. హెబ్రీయుల సువార్త అనే పాత గ్రంథంలో ఈ చోట ‘రేపటి’ అనే అర్థమున్న మాట ఉండేదని లాటిన్ బైబిల్‌ను సిద్ధం చేసిన జెరోమ్ చెప్పాడు. విచిత్రమేమిటంటే, ఆ బైబిల్లో ఆయనే మత్తయి దగ్గర ‘సారానికి మించిన’ అనీ, లూకా దగ్గర ‘రోజువారీ’ అనీ ఉంచాడు. గ్రీకులో రెండు చోట్లా ఉన్నది ఒకే మాట! సిరియా క్రైస్తవుల పాత బైబిల్ అనువాదం పెషిత్తాలో ‘మా అవసరానికి తగిన’ అని ఉంది. నాకు ఇదే సబబుగా తోస్తుంది.

ఈజిప్టులో దొరికిన ఒక పాత వెచ్చాల చిట్టా కొన్నాళ్లు ఆశ పెట్టింది. 1889లో దాన్ని అచ్చుకెక్కించిన ఇంగ్లిష్ పండితుడు సేస్, ఒక వరుసలో ఇదే మాట ఉన్నట్టు చదివాడు. ఇంకేం, బజారు లెక్కల్లో ఉందంటే మామూలు రేషన్ అని అర్థం అనుకున్నారు. తర్వాత ఆ కాగితమే కనిపించకుండా పోయింది. 1998లో యేల్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో బయటపడితే మళ్లీ చదివారు. అక్కడున్నది ‘ఎలాయూ’, అంటే నూనె. సేస్ చదవడంలో పొరబడ్డాడు.

మన వైపు కథ విశాఖపట్నంలో మొదలవుతుంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అక్కడికి వచ్చారు. ఆనందరాయర్ సాయంతో తెలుగు చేసిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సేరంపూర్‌లో అచ్చయ్యాయి. అప్పటికే మిషనరీలిద్దరూ చనిపోయారు. విజయనగరం అప్పట్లో విశాఖపట్నం జిల్లాలోదే. ఇప్పుడు మనవాళ్లు చదివే తెలుగు బైబిల్లో మత్తయి దగ్గర ‘మా అనుదినాహారము’ అని ఉంది. కతోలికులు పరలోక జపంలో ‘నానాటికి కావలసిన మా అన్నము’ అంటారు. ఆత్మ ఊసు రెండింటిలోనూ లేదు.

ఈ నేల మీద ఆ ఊసు లేకపోవడమే నయమనిపిస్తుంది. 1866 కరువు ఒరిస్సాతో పాటు గంజాం జిల్లానూ పీడించింది. శ్రీకాకుళం, టెక్కలి, ఇచ్ఛాపురం అప్పుడు ఆ జిల్లాలోనివే. అలాంటి రోజుల్లో గంజి కోసం చూసేవాళ్లకు ‘ఇది తిండి గురించి కాదు’ అని ఎవరు చెప్పగలరు?

అలాగని ఆత్మీయ ఆహారం మాట కట్టుకథ కాదు. దానికి యోహాను ఆరో అధ్యాయం ఉంది. ఇశ్రాయేలీయులు అరణ్యంలో తిన్న, దేవుడిచ్చిన ఆహారమైన మన్నాను గుర్తుచేస్తూ యేసు ‘జీవాహారము నేనే’ అంటాడు. అక్కడి ఆహారానికీ, ప్రార్థనలోని ఆహారానికీ, సంస్కారపు బల్ల మీది రొట్టెకీ గ్రీకులో ‘ఆర్తోస్’ అన్న పేరొక్కటే. తెలుగు చేసినవాళ్లు ఒకచోట రొట్టె అనీ, ఒకచోట ఆహారం అనీ రాయడంతో ఆ చుట్టరికం మనకు కనిపించదు. బైబిల్ స్టడీలో ఆత్మీయ ఆహారం గురించి చెప్పదలిస్తే, అర్థం తేలని విశేషణాన్ని పట్టుకుని వేలాడే బదులు అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు.